మంగకిచ్చిన మాయవల

మా చిన్నప్పుడు... వేసవి సెలవుల్లో మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి రజియా వాళ్ళింట్లో చేరేవాళ్ళం, నేనూ మంగా. ఏలూరులో మా వెనక వీధే. వాళ్ళ నాన్నగారు తివాచీలు నేసేవారు. ఆయన మగ్గం పక్కన ఉన్ని కట్టల మీద కూర్చుని ముగ్గురం రాక్షసుల్ని చంపేవాళ్ళం... నోటుపుస్తకంలో.

ఆ ఆట తెచ్చింది మా పెద్దమ్మ కొడుకు. ఇంజనీరింగ్ కాలేజీలో ఎవరి దగ్గరో ఇంగ్లీషు పుస్తకం చూసి జిరాక్సు తీయించుకొచ్చాడు. సగం పేజీలు లేవు. ఉన్న సగం మాకు అర్థం కాలేదు. తెలిసిందల్లా ఇదీ... ఒకరు కథ నడపాలి, మిగతావాళ్ళు తలా ఒక వీరుణ్ణి తయారుచేసుకోవాలి. వీరుడికి ఇరవై పాయింట్లు. బలం, తెలివి, వేగం, ఓర్పు... ఎలా పంచుకుంటారో వాళ్ళిష్టం. ఏం చెయ్యాలన్నా లూడో పాచిక వెయ్యాలి.

కథ నడిపేది నేనే. ఇంకెవరికిస్తాను? నా వంతు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల అయ్యే పనా!

రజియా పదిహేడు పాయింట్లు బలంలోనే పోసేసింది. దాని వీరుడు కోట తలుపు ఒక్క తన్నుతో పడగొట్టేవాడు, తలుపు అవతల ఎవరైనా పొడుపుకథ అడిగితే నీళ్ళు నమిలేవాడు.

మంగది కొల్లేటి వైపు, కలిదిండి దగ్గర పల్లె. వాళ్ళది చేపలు పట్టుకునే కుటుంబం. చదువు కోసం మా వీధిలో వాళ్ళ పిన్నిగారింట్లో ఉండేది. "అన్నీ ఉండాలి కదే" అని దేనికి దానికి ఐదేసి పంచింది. అన్నీ ఉన్నాయి... ఏదీ చాలేది కాదు. పాపం రోజూ అందరికంటే ముందు చచ్చిపోయి, మిగతా మధ్యాహ్నమంతా ఉన్ని పోగులు చుడుతూ కూర్చునేది.

నాకు జాలేసింది. ఒకరోజు గుహలో దానికి ఒక మాయవల దొరికిందని చెప్పేశాను. 'దేని మీద విసిరితే అది చిక్కుతుంది' అని కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. ముందూ వెనకా చూసుకునే అలవాటు నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మూడు రోజుల్లో నా కథంతా ఆ వలలో పడింది. రాక్షసుడొస్తే వల. ఎగిరే పాము మీద వల. పొద్దున్నంతా కష్టపడి గీసిన కోటలో ఇరవైమంది కాపలావాళ్ళ మీద ఒక్కసారే వల! మంగ సంతోషం చెప్పలేం. రజియా మాత్రం "ఇంక నేనెందుకే, మీరిద్దరే ఆడుకోండి" అని వాళ్ళింట్లోంచి తనే లేచి వెళ్ళిపోయింది.

ఇద్దరుంటే ఆట లేదు. నాకు తోచదు, కాలు నిలవదు. రజియాకి ఒక మంత్రఖడ్గం ఇద్దామా? ఇస్తే రాక్షసుల్ని పెంచాలి. పెంచితే మంగ మళ్ళీ చస్తుంది. ఇచ్చిన వల తిరిగి ఎలా అడగను? "ఏంటే కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు, ఒకచోట కూర్చో" అని అమ్మ ఒకటే తిట్లు.

చివరికి దొంగబుద్ధి పుట్టింది. రజియాని బతిమాలి మళ్ళీ ఆటకి కూర్చోబెట్టాను. నా పాచిక నేను పరీక్ష అట్ట చాటున వేసేదాన్ని. రాక్షసుడు వల చింపాలంటే ఆరు పడాలన్నాను. రెండు పడింది. "ఆరు" అనేశాను.

"చినిగితే బాగుచేసుకుంటాను కదే" అంది మంగ.

"చినిగిందంటే చినిగిందే. ఇంక పనికిరాదు."

నాకేం తెలుసు... మా ఇంట్లో చినిగినవన్నీ స్టీలు సామాన్లవాడికి పోయేవి. మంగ లేచింది. తన వీరుడి కాగితం నాలుగు మడతలు పెట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఊరెళ్ళిందని వాళ్ళ పిన్నిగారు చెప్పారు.

ఆ వారం నేను సరిగ్గా అన్నం తిన్నది లేదు. మంగ ఇంక ఎప్పటికీ మాట్లాడదేమోనని భయం. ఆదివారం వాళ్ళ పిన్నిగారు ఊరెళ్తుంటే, అమ్మని పీడించి ఆవిడతోపాటు నేనూ బస్సెక్కాను.

వెళ్ళేసరికి మంగ, వాళ్ళమ్మగారు అరుగు మీద చినిగిన వల పరుచుకుని, తెగిన గళ్ళు, వాళ్ళ మాటలో కళ్ళు, ఒక్కొక్కటే దారంతో కట్టుకుంటూ వస్తున్నారు. "రామ్మా, ఎండన పడి వచ్చావు" అని ఆవిడ మజ్జిగ కోసం లోపలికెళ్ళారు.

మంగ తలెత్తలేదు. "ఆ రోజు రెండే పడింది. నేను చూశాను" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పయిందే... రజియా మానేస్తుందేమోనని..."

"నాకు చెప్తే సరిపోయేది కదే. ఒకసారి వల విసిరితే రెండు వంతులు ఆగాలని రాయి. ఒకటి ఆరబెట్టుకోవడానికి, ఒకటి కళ్ళు కట్టుకోవడానికి. మా నాన్నయినా అంతే."

ఇంతే సంగతి! నేను అడగనే లేదు.

మంగ తిరిగొచ్చింది. ఆ నియమం పెట్టాక ఆట భలే కుదిరింది. వల ఆరేదాకా రజియా వీరుడు అడ్డం నిలబడేవాడు, పొడుపుకథలు మంగ వీరుడు విప్పేవాడు. అంత బాగా మేమెప్పుడూ ఆడలేదు.

కానీ... నేను అట్ట తీసేసి, అందరి ముందే పాచిక వేసి "నాలుగు" అన్నా సరే, మంగ ఒకసారి వంగి చూసుకునేది. చూసుకుని, అప్పుడు తన వంతు ఆడేది. స్కూలు అయిపోయేదాకా అంతే.

ఇప్పుడు మా అబ్బాయి ఆడే ఫోన్ ఆటల్లో ఏ కత్తికైనా బలం ఎక్కువైతే, తెల్లారేసరికి ఎవరో తగ్గించేస్తారట. ఎవరు తగ్గించారో తెలియదు, ఎవరికీ క్షమాపణ చెప్పక్కర్లేదు... మాకు మాత్రం మర్నాడు మళ్ళీ ఎదురెదురుగా కూర్చోవాల్సి వచ్చేది.

మీరూ ఎప్పుడైనా ఆటలో ఇలా అబద్ధం చెప్పి దొరికిపోయారా? ఎవరికి దొరికారో, వాళ్ళు మిమ్మల్ని మళ్ళీ నమ్మారో లేదో... చెప్పండి.