గీతకు అందని చుక్క

సిరోంచలో ప్రాణహిత నది నీటిమట్టం చూసి రాసే పని లింగక్కది. భర్త పోయాక ఆయన కొలువే ఆమెకు ఇచ్చారు. రోజూ సాయంత్రం రేవుకు దిగి, నీళ్లలో పాతిన కొలత పలక మీద అంకె చూసి రిజిస్టరులో ఎక్కించేది. పెద్దగా చదువుకోలేదు. అయినా ఏటి సంగతి ఆమెకు తెలిసినంతగా తనకే తెలియదని పడవ నడిపే జంగు ఒప్పుకునేవాడు.

1984 చలికాలంలో చాందా పట్టణం నుంచి బాబురావు అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. గడిచిన వానాకాలపు అంకెలను గ్రాఫు కాగితం మీద రోజుకో చుక్కగా పెట్టి, వాటి మీదుగా పెన్సిలుతో వంపు గీత గీశాడు. చుక్కలన్నీ గీత చుట్టూ బుద్ధిగా సర్దుకున్నాయి. రెండు మాత్రం బాగా పైకి ఎగిరిపోయాయి. ఆయన రబ్బరు తీశాడు.

"ఏం జేస్తున్నరు సారు?" అంది లింగక్క.

"ఈ రెండూ తప్పు లెక్కలు లింగక్కా. తీసేస్తే గీత సాఫ్‌గ ఉంటది."

"ఏ దినాలవి?"

"ఒకటి ఆగస్టు మూడు."

"అది తీసెయ్యుండ్రి. టేకు దుంగ కొట్టుకొచ్చి పలకకు అడ్డం పడ్డది. ఆడ నీళ్లు మీదికెగిసినయ్. పక్కన రాసిన సూడుండ్రి."

నిజమే, రిజిస్టరు అంచున వంకర అక్షరాలతో 'దుంగ' అని ఉంది.

"రెండోది పంతొమ్మిది."

"దాన్ని ముట్టకుండ్రి. ఏరు నిజంగనే పెరిగింది."

"ఆ వారమంత ఇక్కడ చినుకు పడలేదు గద?"

"మన్కాడ పడకుంటేంది సారు, పైన పడ్డది. ఆష్టిల అడుగుండ్రి."

బాబురావు పట్టుదల గల మనిషి. మర్నాడే బస్సెక్కి, అల్లపల్లి మీదుగా ఎగువనున్న ఆష్టి వెళ్లి, ప్రాణహితలో కలిసే వైనగంగ రిజిస్టరు తిరగేశాడు. ఒక రోజు ముందు, ఆగస్టు పద్దెనిమిదిన, అక్కడా ఏరు అలాగే పొంగింది. తిరిగి వచ్చి, "నువ్వన్నదే నిజం" అన్నాడు.

లింగక్క ముఖంలో మాత్రం సంతోషం కనబడలేదు. సరిగ్గా గీత మీద కూర్చున్న ఒక చుక్క మీద వేలు పెట్టింది.

"సారు, గిది తీసెయ్యుండ్రి."

"సెప్టెంబరు ఆరా? ఇంత చక్కగ కుదిరింది గద."

"కుదరక ఏం జేస్తది. ఆ పొద్దు నేను రేవుకే పోలే. ఇంట్ల నా బిడ్డకు కాన్పయితుండె. ముందటి దినం అంకె కంటె జర తగ్గించి అందాజగ రాసిన."

ఇగ కొలువు పోయినట్టేనని ఆమె అనుకుంది. బాబురావు రబ్బరు పక్కన పెట్టి, ఎర్ర పెన్సిలుతో దుంగ చుక్కకు, ఈ చుక్కకు సున్నాలు చుట్టాడు. ఒకదాని పక్కన 'దుంగ అడ్డం', ఇంకోదాని పక్కన 'ఆ రోజు చూడలేదు' అని రాశాడు.

"చెరిపేస్తే ఎందుకు తీసినమో మన వెనక వచ్చెటోనికి తెల్వదు. ఇట్ల ఉంచుదాం" అన్నాడు. "మనుమడా, మనుమరాలా?"

"మనుమరాలు సారు. మూడు కిలోలు."

"ఇది కూడ అందాజేనా?"

లింగక్కకు నవ్వు ఆగలేదు. "లేదు సారు, నర్సమ్మ కాంటకేసి చెప్పింది."

మరుసటి వానాకాలానికి గ్రాఫు కాగితాల కట్ట ఆమె పేరునే వచ్చింది; ఇక చుక్కలు పెట్టే పని కూడా ఆమెదే. మొదటి వారం చుక్కలన్నీ ఒక గడి పక్కకు పెట్టి, బాబురావుతో మూడుసార్లు దిద్దించుకుంది.