పూచెండు దారం

మా బావ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మీద నా కోపం మాత్రం పోలేదు. మంచివాడని ఊరంతా అంటుంది, నేనూ కాదనను. మా అక్కని బాగానే చూసుకున్నాడు. మా నాన్న మంచాన పడ్డప్పుడు పాతపట్నం నుంచి వచ్చి, కన్నకొడుకులా పక్కనే కూర్చున్నాడు. అయినా సరే, ఆయన నా పిల్లిని చంపాడు. దానికి తగ్గట్టు నేను బదులు తీర్చుకున్నాను. ఆ బదులు తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు చల్లగా ఉంటుంది.

అక్కని మేం అప్ప అనేవాళ్ళం, నాన్నని అయ్య అనేవాళ్ళం. చీపురుపల్లి స్టేషనులో రైలు కూత వేస్తే గాలివాటుని బట్టి మా పెరట్లోకి వినిపించేది. వరి, గోగు పండించే ఇల్లు మాది. గాదె నిండా ధాన్యం, గాదె కింద ఎలుకలు. అందుకని పిల్లిని ఎవరూ వద్దనలేదు. పసుపు ఒళ్ళు, తెల్ల పొట్ట. గడ్డివాములో తల్లి వదిలేసిపోయిన కూనని పరికిణీలో మూటకట్టుకుని తెచ్చింది నేనే, దూది పాలలో ముంచి చప్పరింపించి బతికించింది నేనే. అది అరవైల ఆఖరు. నాకు పన్నెండేళ్ళో, ఇంకాస్త తక్కువో.

ఆ పిల్లికి కంటపడిందల్లా ఆటవస్తువే. కదిలేది ఏదైనా సరే పట్టుకోవాలి, పట్టుకున్నది నోట్లో పెట్టుకోవాలి. అమ్మ రవికె కుట్టుకుని సూది ఎక్కడ గుచ్చిందో మరిచిపోయేది. వెతికి తీసేది నేను. దారపుండలు బిస్కట్ల డబ్బాలో వేసి మూత బిగించేది నేను. ఒకసారి అప్ప ట్రంకుపెట్టెలోంచి కలరా ఉండ ఒకటి జారిపడితే, పిల్లి దాన్ని వసారా అంతా దొర్లించుకుంటూ తిరిగింది. దాని ముందు కాళ్ళ మధ్య నుంచి లాక్కునేసరికి నా చెయ్యి గీరుకుపోయింది. విరిగిన గాజుముక్కలు, పిన్నీసులు, లాంతరు తుడిచిన కిరసనాయిలు గుడ్డ, వీటన్నిటినీ దానికి అందకుండా దాచడంతోనే నాకు పొద్దు గడిచిపోయేది. మా మామ్మ, అంటే నాన్న తల్లి, చుట్ట కాల్చుకుంటూ నన్ను చూసి నవ్వేది. ఈ గుంటకి పెళ్ళి చేస్తే సారెతోపాటు పిల్లిని కూడా పంపాలి అనేది.

దారం అంటే నాకు అంత భయం ఎందుకో చెప్పాలి. అంతకుముందు వానాకాలంలో మా ఆవుదూడ పలుపుతాడు నమిలి సగం మింగేసింది. మిగతా సగం మూతినుంచి వేలాడుతోంది. ఎవరో పట్టుకుని లాగబోతే అయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. కొడవలితో బయట ఉన్న ముక్క కోసేసి, దూడకి ఆముదం పట్టించాడు. "బయటున్నది కొయ్యాల. లోపలున్నది లాగకూడదు. లాగితే పేగులు కోసుకుపోతాయి" అని మా అందరికీ వినపడేలా చెప్పాడు. మింగిన తాడు తర్వాత పేడలో పడింది. దూడ బతికింది, పెరిగి ఈనింది కూడా.

ఆ మరుసటి వేసవిలో అప్పకి పెళ్ళయింది. పెళ్ళికొడుకు వాళ్ళకి పాతపట్నంలో బట్టల కొట్టు ఉంది. టెర్లిన్ చొక్కా, చేతికి వాచీ, ఎప్పుడూ నవ్వు మొహం. పెళ్ళయ్యాక మూడు నిద్రలకి మా ఇంట్లోనే ఉన్నాడు. మా వాళ్ళు ఆయన మీద ఈగ వాలనిచ్చేవారు కాదు. ఆయన దగ్గితే అమ్మ మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తేది. మా అయ్య, ఎవరినీ లెక్కచెయ్యని మనిషి, అల్లుడి ముందు పంచె సర్దుకుని నిలబడేవాడు. చూస్తే నాకు ఒళ్ళు మండేది.

పెళ్ళిలో పూబంతులాటకి మామ్మ స్వయంగా పూచెండు కట్టింది. లోపల దారం గట్టిగా చుట్టిన ఉండ, దాని మీద మల్లెలు, కనకాంబరాలు. అప్పా బావా ఒకరి మీదికి ఒకరు విసురుకుని ఆడారు. ఆట అయ్యాక బావ ఆ చెండు తన దగ్గరే ఉంచుకున్నాడు. ఎండకి పూలన్నీ రాలిపోయి దారపుండ మిగిలింది. వసారాలో మంచం మీద కూర్చుని ఆయన ఆ ఉండని విప్పి, దారం కొస పట్టుకుని, పిల్లి ముందు ఆడించడం మొదలుపెట్టాడు. పిల్లి గెంతింది. అందరూ నవ్వారు. కాసేపటికి పిల్లికి విసుగొచ్చి గాదె కిందికి పోబోతే, మా బావగారికి గొప్ప ఉపాయం తట్టింది. అమ్మనడిగి పాలమీగడ తెప్పించి దారానికంతా రాశాడు. ఇక పిల్లి అక్కణ్ణించి కదిలితే ఒట్టు.

నేను వెళ్ళి దారం తీసేయమన్నాను. అది మింగేస్తుంది అన్నాను.

"ఏటి మరదలా, ఏది తినాలో ఏది తినకూడదో దానికి తెలీదేటి? అదేటి సంటిపిల్లా?" అన్నాడు.

నేను దారం లాక్కోబోతే అమ్మ కళ్ళెర్ర చేసింది. అల్లుడి చేతిలోది లాక్కుంటావా అని నన్ను రెక్క పట్టుకుని వంటింట్లోకి ఈడ్చుకుపోయింది. ఆయన ఆడినంతసేపు ఆడి, మీగడ రాసిన దారాన్ని మంచం కింద పడేసి నిద్రపోయాడు. నేను వెతకడానికి వెళ్తే కొత్త అల్లుడు పడుకున్న చోటికి వెళ్ళకూడదన్నారు.

పొద్దున్న పిల్లి పెరట్లో తల విదిలించుకుంటూ కనిపించింది. నోటినుంచి చొంగ కారుతోంది. నేను నోరు తెరిచి చూస్తే దారం నాలుక కిందినుంచి మెలిపడి గొంతులోకి దిగిపోయి ఉంది, కొస మాత్రం బయటికి వేలాడుతోంది. కత్తెర కోసం నేను లోపలికి పరిగెత్తి తిరిగి వచ్చేసరికి, పిల్లి బావ చేతుల్లో ఉంది. ఎడమచేత్తో దాని మెడ పట్టుకుని, కుడిచేతి వేలికి దారం చుట్టుకుంటున్నాడు.

"లాగకు బావా, అయ్యనడుగు" అన్నాను.

"నువ్వూరుకో. ఒక్కసారి లాగితే వచ్చేస్తాది."

అయ్య అక్కడే ఉన్నాడు. నూతి గట్టు దగ్గర వేపపుల్ల నములుతూ నిలబడి అంతా చూస్తున్నాడు. నేను అయ్య వైపు చూశాను. అయ్యకి తెలుసు, నాకు తెలుసని కూడా తెలుసు. ఒక్క మాట అంటే చాలు. పెళ్ళయి నాలుగు రోజులు కాలేదు, కొత్త అల్లుణ్ణి పట్టుకుని ఇది తప్పు అని ఎలా అంటాడు? ఉమ్మేసి, మొహం కడుక్కోవడానికి వంగాడు. బావ లాగాడు. పిల్లి అరిచిన అరుపు నేను వర్ణించను. మూరెడు దారం బయటికొచ్చి తెగింది. బావ దాన్ని అందరికీ చూపించి చేతులు కడుక్కుని కాఫీ తాగాడు.

ఆ సాయంత్రం అప్పని తీసుకుని ఆయన పాతపట్నం వెళ్ళిపోయాడు. పిల్లి గాదె కింద ముడుచుకుని పడుకుంది. పాలు పోస్తే వాసన కూడా చూడలేదు. పొట్ట ముట్టుకుంటే కరవబోయేది, నన్ను. ఎన్నడూ నన్ను గీరిందే కానీ కరవని పిల్లి. కక్కింది, మళ్ళీ కక్కింది, చివరికి కక్కడానికి కూడా ఓపిక లేకపోయింది. నిమ్మచెట్టు కింద గొయ్యి నేనే తవ్వాను.

పిల్లి చావుకి కారణమైనవాడు బంగారంతో పిల్లిని చేయించి దానం ఇవ్వాలని మా వైపు నమ్మకం. ఆ పాపం కొత్త దంపతులకి చుట్టుకుంటుందని మామ్మకి భయం. అందుకని అమ్మని, అయ్యని, నన్ను కూర్చోబెట్టి మాట ఖాయం చేసింది. పిల్లి ఎటో వెళ్ళిపోయింది, అంతే. అల్లుడి చెవిన ఇంకో మాట పడకూడదు. అంటే ఆయన చంపాడన్న సంగతి ఆయనకే తెలియకుండా, హాయిగా నవ్వుకుంటూ బతుకుతాడన్నమాట. పిల్లి పోవడం కంటే నాకు ఇది ఎక్కువ మండింది. ఆయనకి తెలియాలి. తెలిసి తీరాలి. మిగిలిన దారపుండని నేను ఉతికి ఆరబెట్టి బిస్కట్ల డబ్బాలో దాచాను.

ఆ ఏడాది జాడీలో ఆవకాయతోపాటు నా కోపమూ ఊరింది. ఆషాఢంలో అప్పని పుట్టింటికి తెచ్చారు. అప్పకి అమ్మ చెప్పేసింది. అప్ప నా గడ్డం పట్టుకుని, ఆయనకి చెప్పొద్దే, బాధపడతాడు అని బతిమాలింది. బాధపడాలనే కదా నేను చూస్తున్నది. నేను తల ఊపాను. తల ఊపడం అంటే ఒప్పుకోవడమని అది అనుకుంటే అది దాని ఇష్టం.

శ్రావణం రాగానే అప్పని తీసుకెళ్ళడానికి బావ వచ్చాడు. అల్లుణ్ణి ఒక్క మాట అనడానికి మా ఇంట్లో ఎవరికీ హక్కు లేదు, మరదలికి తప్ప. మరదలు బావని ఏడిపించొచ్చు, కాఫీలో ఉప్పు వెయ్యొచ్చు, గారెలో దూది పెట్టొచ్చు. ఏం చేసినా ఆయన నవ్వి ఊరుకోవాలి, కోప్పడితే ఆయనకే పరువు తక్కువ. నాకు ఉన్న ఆయుధం అదొక్కటే. అమ్మ బూరెలకి పూర్ణం ఉండలు చేస్తోంటే, నేను సాయం చేస్తానని కూర్చుని, దాచిన దారాన్ని చిన్న ఉండలా చుట్టి ఒక పూర్ణంలో పెట్టాను. బూరె నూనెలో వేగి తేలింది. దాని మీద గోటితో గుర్తు పెట్టుకున్నాను. బావకి వడ్డిస్తానంటే అమ్మ మురిసిపోయింది, గుంటకి బుద్ధొచ్చిందని. వడ్డించి వచ్చి ఎదురుగా నా పీట మీద కూర్చున్నాను.

బావ బూరెని సగం కొరికి, నెయ్యి కారుతుంటే రుచిగా నమిలి మింగాడు. మిగతా సగం ఆకులోకి దింపేసరికి, దానికీ నోటికీ మధ్య దారం సాగింది. మామ్మ ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. మరదలు గడుసుదే అన్నాడు. దారం వేలికి చుట్టుకున్నాడు, అదే చెయ్యి, అదే వేలు. లాగబోయి, గొంతులో ఎక్కడో తగిలి ఆగాడు.

"లాగకు బావా" అన్నాను. "లాగితే పేగులు కోసుకుపోతాయి. పిల్లికి అలాగే కోసుకుపోయినాయి. అది ఎక్కడికీ పోలేదు, నిమ్మసెట్టు కింద ఉన్నాది."

నవ్వులు ఆగిపోయాయి. బావ అప్ప వైపు చూశాడు. అప్ప తల దించుకుంది. దాంతో ఆయనకి తెలిసిపోయింది. మొహంలో నెత్తురు లేదు. నోటినుంచి దారం వేలాడుతుంటే మింగలేడు, లాగలేడు, మాట్లాడలేడు. నా పిల్లి ఎలా ఉందో అచ్చంగా అలాగే ఉన్నాడు.

అప్పుడు మా అయ్య తింటున్న ఆకు వదిలేసి లేచాడు.

"లాగకండి బాబూ, లాగకండి. బయటున్నది కొయ్యాల. ఒసే, కత్తెర తేవే" అన్నాడు.

వేసవిలో రాని మాట శ్రావణంలో గడగడా వచ్చింది. అల్లుడి పేగుల కోసం వచ్చింది. ఆయనకి తర్వాత ఆముదం పట్టించారు, ఏమీ కాలేదు. అమ్మ నా వీపు చీరేసింది, అదీ నాకు గుర్తే. కానీ అవన్నీ తర్వాతి సంగతి. ముందు కత్తెర దొరకాలి కదా. అమ్మ బిస్కట్ల డబ్బా బోర్లించింది, అప్ప ట్రంకుపెట్టె తిరగేసింది, అయ్య నన్ను అడిగాడు. తెలీదన్నాను. బావ నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ, నా వైపే చూస్తూ కూర్చున్నాడు. కత్తెర నా పీట మీద, పరికిణీ కింద ఉంది. నేను దాని మీదే కూర్చుని, నా బూరె నేను మెల్లగా తిన్నాను.