దేవుడు నన్ను మళ్లీ రొయ్యల బల్ల దగ్గర నిలబెట్టాడు

ప్రభువు నందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మీ అందరికీ నా వందనాలు. నా పేరు సువార్తమ్మ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు, పెద్దగా చదువుకోలేదు గాని దేవుడు నాకు చేసిన మేలు ఒక్కటీ మరచిపోలేదు.

రొయ్యల కంపెనీలో తలలు తీసే బల్ల దగ్గర పదకొండేళ్లు నిలబడ్డాను. మంచాన ఉన్న మా ఆయన మందులూ, ఇల్లూ ఆ పనిమీదే నడిచేవి. పోయిన ఏడాది సరుకు పై దేశాలకు వెళ్లడం తగ్గిందని చెప్పి మా బల్ల దగ్గర సగం మందిని ఒకే సాయంత్రం పనిలోంచి ఆపేశారు, ఆ పేర్లలో నాది ఉంది, మా ఆడపడుచు కుమారిది లేదు! రొయ్య నలగకుండా తల ఎలా తీయాలో దానికి దగ్గరుండి నేర్పింది నేనే, అలాంటిది అది ఉండిపోయింది, నేను ఇంటికొచ్చేశాను.

అయ్యో, ఆ పని కోసం నా ప్రాణం ఎంత కొట్టుకుందో ఏమని చెప్పను! తెల్లవారుజామున కంపెనీ వ్యాను మా వీధిలోకి వస్తుంటే నా కాళ్లు వాటంతటవే గుమ్మం దాకా నడిచేవి. ఒకరోజు పెట్టెలోంచి పాత ఏప్రాను తీసి వాసన చూస్తుంటే మా కోడలు నవ్వింది.

“ఏంటత్తయ్యా, ఈ నీచువాసన వదిలితే చాలు దేవుడా అనేవారు కదండీ!”

నేనూ నవ్వేసి, పెరట్లోకి వెళ్లి ఏడ్చాను.

కుమారి మీద మాత్రం నా మనసు రాయైపోయింది. వ్యానులోంచి “వదినా!” అని కేకేస్తే లోపలికి వెళ్లిపోయేదాన్ని, ఫోను చేస్తే కట్టేసేదాన్ని.

మా సంఘంలో స్త్రీల ప్రార్థనలో ఒక పద్ధతి ఉంది, ఎవరి అవసరం వాళ్లు పేరు లేకుండా చీటీమీద రాసి గిన్నెలో వేస్తారు, ఎవరికి ఏ చీటీ వస్తే వారం రోజులూ దానికోసం ప్రార్థించాలి. నాకొచ్చిన చీటీ కూడబలుక్కుని చదివాను. ‘కొత్తపిల్లలు రొయ్యలు చితక్కొడితే తిట్లు నేను తింటున్నాను. మా వదిన నా ముఖం చూడటంలేదు. ఆవిడ మనసు మార్చు ప్రభువా.’

సహోదరులారా, అదే ప్రార్థనకు వచ్చే మా కుమారి రాసిన చీటీయే అది! “ప్రభువా, దీన్ని దీవించమనడానికి నాకు నోరు రావడంలేదు, అయినా నా చేతికే ఇచ్చావు గనుక అడుగుతున్నాను” అని మొదటిరోజు ఒక్క మాట అని లేచిపోయాను. నాలుగోరోజుకి మోకాళ్లమీంచి లేవలేకపోయాను, ఏడుపు ఆగలేదు, అలాగే చెంగుతో ముఖం తుడుచుకుని కుమారి ఇంటికి నడిచాను.

నన్ను చూసి అది చేతిలో చేట కింద పడేసింది.

“వచ్చేవా వదినా! పది రోజులై పిలుస్తున్నాను, చేయి తిరిగిన వాళ్లు కావాలంటే సూపర్‌వైజరు గారికి నీ పేరే చెప్పేను.”

“మా కోడలితోనైనా చెప్పకపోయేవా?”

“చెప్పేను! ఆ కంపెనీ మాటెత్తితే ఊరుకోనని దాన్ని కసిరేవంట కదా!”

చూశారా, దేవుడు పది రోజుల ముందే జవాబు పంపితే దాన్ని గుమ్మంలోంచి తిప్పి పంపింది నేనే! ఆ చోటు ఇంకా ఉందో లేదో అనుకుంటూనే ఆ రాత్రి ఏప్రాను ఉతికి ఆరేశాను.

మర్నాడు వ్యానులో కుమారి పక్కనే కూర్చుని వెళ్లాను. సూపర్‌వైజరు గారు నన్ను ఎగాదిగా చూశారు.

“ఏవమ్మా, పెళ్లికి పిలిచినట్టు బొట్టుపెట్టి పిలవాలా? ఇంకొక్కరోజు ఆలస్యమైతే వేరేవాళ్ల పేరు రాసేద్దును!”

“ఆయ్, తప్పు నాదేనండి” అన్నాను. పదకొండేళ్ల లెక్క పోయింది, కొత్తదానిలాగే నా పేరు రాసుకున్నారు, అయినా మాస్కు వెనకాల నేను చేసిన స్తోత్రం ఆ ప్రభువొక్కడికే తెలుసు. దేవునికే మహిమ!

నాతోపాటు ఆగిపోయిన వాళ్లలో ఇంకా చాలామందికి పిలుపు రాలేదు, వాళ్లు నిలబడే చోట్లు చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది, వాళ్లకోసం మీరూ ప్రార్థించండి. ఎదురుచూస్తున్న అక్కల్లారా, అన్నల్లారా, ఆయన్ని నమ్మండి, ఆయన మరచిపోడు. మీరు మాట మానేసిన మనిషి ఎవరైనా ఉంటే ఈ రోజే వెళ్లి పలకరించండి, మీకు రావలసిన మేలు ఆ మనిషి చేతికే ఇచ్చి పంపాడేమో!