ఆషాఢంలో అత్తగారి దడి

కొత్తల్లుడు ఆషాఢంలో అత్తగారి గడప తొక్కకూడదంటారే, ఆ మాటకు అడ్డదారి కనిపెట్టిన మహానుభావుణ్ణి నేనే. నా పరువు ఎట్ల పాయనో చెప్తా, నవ్వుకోండి.

పెండ్లయిన మొదటి ఏడు. నా భార్య పద్మను ఆషాఢానికి ఆళ్లగడ్డలో వాళ్లమ్మ దగ్గరికి పంపించినారు. నంద్యాలలో నేను. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే యాడికి పోవాలో తెలీదు. అన్నం సయించదు. అప్పుడు తట్టింది ఉపాయం. తొక్కకూడనిది గడప కదా? గేటు పక్కన దడి బాగా పెరిగిపోయిందని అత్త పెండ్లప్పుడే అనింది. బయట నిలబడి అది కత్తిరిస్తే ఎవరేమంటారు?

మస్తానన్న అంగడికి ఉరికినా. "అన్నా, దడి కత్తిరించే మిషన్ ఇయ్యి. వైరు లేంది, బ్యాటరీది."

"ఏం చెట్టు దడి?"

"ఏదో ఆకుల చెట్టులేన్నా!" నాకు వేప, కొబ్బరి తప్ప మూడో చెట్టు తెలీదు.

"ఇంటి దడికి ఈ చిన్నది సాలప్పా. తేలిక. ఆ పెద్దది తోటలకు."

"పెద్దదాంట్లో బ్యాటరీ ఎక్కువసేపొస్తుంది కదా?"

"వస్తుంది. అంత పనుందా?"

పని కాదు, పెండ్లాన్ని చూడాలని ఎట్ల చెప్పేది? బ్యాటరీ ఉన్నంతసేపు గేటు కాడ ఉండొచ్చు, అదీ నా తెలివి. పెద్దదే కొన్నా. "గ్లౌజులు?" అన్నాడు. "నేనేమన్నా పెండ్లికూతురినా?" అని వచ్చేసినా.

మా అమ్మకు "ఆత్మకూరులో ఫ్రెండుతో పనుండాది" అని చెప్పి, దానికి ఎదురుదిక్కున పోయే ఆళ్లగడ్డ బస్సెక్కినా.

గేటు కాడ నన్ను చూసి అత్త బిత్తరపోయింది. "ఏందల్లుడా, ఆషాఢంలో!"

"గడప తొక్కను అత్తా. దడి కత్తిరించి పోతా."

కిటికీలో పద్మ నవ్వు ఆపుకుంటాంది. అత్త టీ పెట్టను లోపలికి పోయింది. మిషన్ నొక్కినా. ఓరి దేవుడా! కొండకు మొక్కుకున్నోని తల మాదిరి దడి గుండైపాయ. బ్యాటరీ నిండుగానే ఉండాది, దడే లేదు!

అత్త టీ గ్లాసుతో బయటికొచ్చింది. "అల్లుడా, గోరింటాకు దడి కదప్పా! వీధిలో ఆడోళ్లంతా ఈ సాయంత్రం కోసుకోను వస్తాండారు!"

పద్మ గేటు కాడికొచ్చి లోపలే నిలబడింది. ఇప్పుడు నవ్వడంలేదు. "నాకిది మొదటి ఆషాఢం" అనింది, కండ్లనిండా నీళ్లతో.

నా ప్రాణం ఉసూరుమనింది. చూడాలని వచ్చి ఏడిపిస్తినే!

"కొమ్మలు కిందనే ఉండాయి కదా! నేనే దూస్తా, నేనే రుబ్బుతా!"

అత్త రోలు గేటు బయటికి దొర్లించింది. ఆడోళ్లు గిన్నెలు పట్టుకోని వచ్చి చుట్టూ నిలబడినారు. "మెత్తగా రుబ్బప్పా, ఈనెలు తగులుతాండాయి!" అని ఒకామె, "నీళ్లు ఎక్కువాయె!" అని ఇంకొకామె. గేటుకు అవతల పద్మ కొమ్మలు అందిస్తా, మెల్లగా మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది. ఏ బ్యాటరీ కూడా అంతసేపు రాదు. పొద్దు గుంకేదాకా ఆడనే ఉన్నా.

ఇంటికొస్తూనే అమ్మ అన్నం పెట్టింది. తట్టలో చెయ్యి పెట్టినా. అమ్మ ఆ చెయ్యి పట్టుకోని దీపం వెలుగులో తిప్పి తిప్పి చూసింది. మణికట్టు దాకా ఎరుపు.

"ఆత్మకూరు పని బాగా పండిందే నాయనా! ఏం దిగులు పడొద్దులే, నీకు మంచి మొగుడొస్తాడు."

అహోబిలం నరసింహస్వామి మీద ఒట్టు. ఈ జన్మలో ఇంకెప్పుడూ గ్లౌజులు లేకుండా ఆషాఢంలో ఆళ్లగడ్డకు పోను.