పైడమ్మత్త కళ్ళు

ఆగస్టు 9, ఆదివారం. కళ్ళు తప్ప అన్నీ పూర్తయిన నా కాగితపు గుజ్జు బొమ్మను చూసి, పొద్దున్నే పొరుగింటి పైడమ్మత్త గుమ్మంలోనే ఆగిపోయింది. బొమ్మకి ఆమె మొహమే పెట్టాను, అడక్కుండా. తిట్లు తప్పవనుకున్నాను.

“ఒసే, నా నుదుట ఇన్ని గీతలున్నాయేటే?”

“నాలుగు రోజుల్నుంచే, అత్తా.”

సముద్రంలో చేపల వేటకెళ్ళిన మావ పడవ రావలసిన రోజు దాటి నేటికి నాలుగు రోజులు. చివరగా దిద్దే కళ్ళ కోసం కుంచె తీశాను. ఆమె నా చెయ్యి పట్టేసుకుంది.

“ఆగే! ఇప్పుడెట్టకు. మీ మావ రానీ, అప్పుడు నా కళ్ళు సూసి ఎట్టు.”

తిట్టినా బాగుండేది. కళ్ళు లేని బొమ్మ ఎదురుగా రోజంతా పుస్తకం తెరిచి కూర్చున్నాను, ఒక్క పేజీ తిరగలేదు. మీరైతే దిద్దేసేవారా, ఆగేవారా?

రేపు తెల్లవారగానే అత్తతో సముద్రపు ఒడ్డుకి వెళ్తాను. బొమ్మ, కుంచె, నల్లరంగు ఇప్పుడే సంచిలో పెట్టాను.