తెలియక చెప్పిన సాక్ష్యం

మా అమ్మ పోయి నాలుగేళ్లవుతోంది. అందులో మూడేళ్లకు పైగా ఆమె పోయిన తీరును నేను పదిమందికీ చెప్పుకుంటూ వచ్చాను. బాధతో కాదు, ఒక రకమైన గర్వంతో.

మాది విడవలూరు. వరి పండించే ఇల్లు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. యాభై దాటాక నెల్లూరులో ఒక గురువుగారి దగ్గరికి వారం వారం పోవడం మొదలుపెట్టాను. ఆయన చెప్పిన వాటిలో ఒక మాట నన్ను గట్టిగా పట్టుకుంది. ప్రాణం తీసి వండిన తిండి తింటే మనసు నిలబడదట, చివరి ఘడియలో దేవుడి పేరు నోటికి రాదట. ఆ రోజే చేపలు మానేశాను. సముద్రానికి ఇంత దగ్గరలో ఉండి ఇదేం పని అని మావాళ్లు నవ్వారు. నాకు మాత్రం కష్టమనిపించలేదు. తర్వాత వాటిని ఇంట్లోకి రానివ్వడం కూడా మానేశాను. మా ఆయన అప్పటికే లేరు. ఇక ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే.

ఎనభై దాటాక అమ్మ స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగి ఎనిమిది నెలలు మంచంలోనే ఉంది. నొప్పి గురించి పెద్దగా చెప్పేది కాదు. ఒకరోజు మాత్రం నా చెయ్యి పట్టుకుని అడిగింది.

“అమ్మణ్ణీ, నాలుగు నెత్తళ్లు వేయించి పెట్టవే. నోరంతా చప్పగా ఉండాది.”

నెత్తళ్లంటే వేలెడంత చేపలు. ఎండబెట్టినవి వేయిస్తే వీధి చివరిదాకా వాసన కొడుతుంది. నేను పెట్టలేదు. పక్కన కూర్చుని చాలాసేపు చెప్పాను. ఇన్నాళ్లూ తిన్నావు కదా, పోయేముందన్నా మానుకుంటే నీ ప్రయాణం సులువవుతుందన్నాను. తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పినట్టే చెప్పి ఉంటాను. ఆమె విని, సరేలే అంది. ఇంకో రెండుసార్లు అడిగి ఊరుకుంది. మారింది అనుకున్నాను.

పోయిన రోజు పొద్దున కాఫీ తాగింది. గోడమీది పటం వైపు చూసి రెండుసార్లు రామా అని, కళ్లు మూసుకుంది. అంతే. అంత నెమ్మదైన చావు నేను చూడలేదు. గురువుగారి మాట నా కళ్లముందే నిజమైనట్టు అనిపించింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు, మీ ఊళ్లోనే నలుగురిని కూర్చోబెట్టుకోమని గురువుగారు చెప్పారు. ప్రతి గురువారం మధ్యాహ్నం మా వరండాలో సత్సంగం మొదలైంది. పది పన్నెండు మంది ఆడవాళ్లం పాడుకునేవాళ్లం, తర్వాత నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని. చేపలు, మాంసం మాట వచ్చినప్పుడల్లా అమ్మ కథ చెప్పేదాన్ని. విని ఇద్దరు చేపలు మానేశారు కూడా.

పోయిన ఏడాది ఒక గురువారం, సముద్రపు ఒడ్డు పాలెం నుంచి గంపతో చేపలు తెచ్చి అమ్మే మనిషి మా గేటు దగ్గర ఆగింది. పాత మనిషే. నేను చేపలు మానకముందు మా ఇంటికి వాడుకగా వచ్చేది. ఖాళీ గంప బయట పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చి మెట్ల మీద కూర్చుంది. పాటలు వినాలని ఉండాదక్కా అంది. నాకు సంతోషమేసింది. లోపలికి రమ్మన్నా రాలేదు. అట్లా మూడు వారాలు వచ్చింది. మూడో వారం నేను మళ్లీ అమ్మ కథ చెప్పాను. నిజం చెప్పాలంటే ఆమె కోసమే చెప్పాను. ఆమె తలొంచుకుని వింది. ఆ తర్వాత రావడం మానేసింది.

నెలరోజులు చూశాను. చేపలు అమ్ముకుని బతికే మనిషి ముందు ఆ మాట అనడం తప్పే అనిపించింది. ఒక ఉదయం ఆటో మాట్లాడుకుని, రొయ్యల గుంటల మధ్య రోడ్డున పాలెం పోయాను. ఆమె ఇంటి ముందు పాత వల పరిచి, దానిమీద చేపలు ఆరబోస్తోంది. నన్ను చూసి గాబరాగా లేచి, ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. నా మాటకు నొచ్చుకుని ఉంటే క్షమించమన్నాను.

అది కాదక్కా అంది. చాలాసేపు చేపల్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. చివరికి చెప్పింది.

“పెద్దమ్మ తినిందక్కా. నువ్వు నెల్లూరు పొయ్యే రోజల్లా నేనే తెచ్చి పెట్టినా.”

నాకు ముందు అర్థం కాలేదు. ఆమే నెమ్మదిగా వివరించింది. ఒక రోజు వీధిలో పోతుంటే అమ్మ మంచం పక్క కిటికీలోంచి పిలిచిందట. అప్పట్నుంచి పోయేదాకా, వారం వారం, తన ఇంట్లో వేయించిన నెత్తళ్లు టిఫిన్ డబ్బాలో పెట్టుకొచ్చి అన్నంలో కలిపి తినిపించిందట. అయ్యాక నోరు కడిగించి, నోట్లో లవంగం పెట్టి, ఊదొత్తులు వెలిగించి పోయేదట.

ఊదొత్తులు నాకు గుర్తే. నెల్లూరు నుంచి ఇంటికి రాగానే ఆ వాసన వచ్చేది. ఎవరితోనో వెలిగించుకుంది, అమ్మకు భక్తి కుదిరింది అనుకుని మురిసిపోయేదాన్ని.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది.

“వద్దనిందక్కా. నేను తిన్నానని తెలిస్తే బిడ్డ భయపడతాది, దాన్ని భయపెట్టొద్దు అనింది.”

ఆటోలో తిరిగొస్తుంటే ఏడుపు వచ్చింది. దేనికో తెలియలేదు. అమ్మ తిన్నదన్న హాయి ఉంది. నా వెనక జరిగిందన్న కోపం ఉంది. నేను పెట్టాల్సింది పరాయి చెయ్యి పెట్టిందన్న సిగ్గు ఉంది. ఇంటికొచ్చాక లెక్కల టీచరు బుద్ధి మొదలైంది. తిన్నా రామా అనే పోయింది కాబట్టి గురువుగారి మాట తప్పు. లేకపోతే ఆ మాట నిజమే, అమ్మ ఒక్కతే దానికి లోబడలేదు. అదీ కాకపోతే, నోటికి రుచి తగిలి మనసు కుదుటపడబట్టే అంత హాయిగా పోయింది. ఈ చివరిది బాగుందనిపించింది. వచ్చే గురువారం ఇదే చెబుదామనుకున్నాను. అంతలోనే నాకు భయమేసింది. ఒక రుజువు చేజారిందో లేదో ఇంకోటి పట్టుకుంటున్నాను. అమ్మ ఎందుకు అట్లా పోయిందో నాకసలు తెలియదు.

గురువుగారి దగ్గరికి పోయాను. ఆయన ముసలివారైపోయారు, చెవి సరిగా వినపడదు. దగ్గరగా కూర్చుని అంతా చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

“ఆ మాట నేనిప్పుడు అంత గట్టిగా చెప్పడం లేదమ్మా” అన్నారు. “నాకు ఉపయోగపడింది. అందరికీ అంతే అనుకున్నాను.”

మరి మాకు ఎందుకు చెప్పలేదు స్వామీ అని అడిగాను. చెప్పడానికి నాకూ భయమేసింది అన్నారు ఆయన. ఆ మాట విని ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ లేచేటప్పుడు ఎప్పటికంటే ఎక్కువసేపు ఆయన కాళ్లు పట్టుకుని ఉండిపోయాను. అదేమిటో నాకు తెలియదు.

మరుసటి గురువారం అందరికీ చెప్పేశాను. అమ్మ గురించి నేను చెప్పింది నిజం కాదని, నాకు తెలియక చెప్పానని. నా మాట విని చేపలు మానేసిన ఇద్దరిలో ఒకామె, అయితే ఇప్పుడు తినొచ్చా, తినకూడదా అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఆమె చాప చుట్టుకుని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఇంకో నలుగురు కూడా రావడం మానేశారు. తెలియనామె దగ్గర కూర్చుని ఏం నేర్చుకుంటాం అని ఒకామె అన్నట్టు విన్నాను. అందులో తప్పేముంది?

పాలెం మనిషికి ఇదంతా నేనే పోయి చెప్పాను. ఇప్పుడు వీలైనప్పుడల్లా వస్తుంది, లోపలే కూర్చుంటుంది. నేను ఇప్పటికీ చేపలు తినను. నమ్మకమా, అలవాటా, అమ్మకు పెట్టనిది నేనెట్లా తింటానన్న పట్టుదలా అని ఒక్కోరోజు ఆలోచిస్తాను. రోజుకో జవాబు వస్తుంది.

ఈ మధ్య కొత్తగా ఒకామె వచ్చింది. భర్త పోయి రెండు నెలలు. పాటలయ్యాక, ఆయన ఇప్పుడెక్కడ ఉంటారు మేడం అని అడిగింది. ఒకప్పుడైతే ఆపకుండా అరగంట చెప్పేదాన్ని. నోరు తెరిచాను కూడా. పెద్దలు ఇట్లా చెబుతారు అని రెండు మాటలు చెప్పి, నాకు మాత్రం తెలియదమ్మా అన్నాను. ఆమె నన్నే చూస్తూ ఉంది. నిరాశపడిందో, కుదుటపడిందో కనిపెట్టలేకపోయాను. కాసేపటికి, ఇంకో పాట పాడదామా అని అడిగింది. పాడాం.