బడి గోడను కొలిచిన పిల్లలు

రక్తం చూస్తే దొర్కాకు కళ్లు తిరుగుతాయి. ఆమెకు నర్సు ఉద్యోగం అచ్చిరాదని రాయగడలో తల్లికి తప్ప అందరికీ తెలుసు. తల్లి తానే నర్సు కాబట్టి ఆవిడ ఆశ ఆవిడది. దొర్కా మాత్రం పది పాసవగానే ఐటీఐకి పోయి, సర్వే కోర్సులో చేరి వచ్చి, ఆ తర్వాత ఇంట్లో చెప్పింది. తండ్రి ఆదాము మిషన్ బడిలో మాస్టారు. "చెట్టూ పుట్టా పట్టుకుని తిరగాలమ్మీ, తిరగ్గలవా?" అని ఒక్క మాట అడిగాడు. తిరగ్గలనంది.

తిరిగింది కూడా. ఒడిశాలో భూమి కొలిచే సర్కారు ఉద్యోగిని అమీన్ అంటారు. ఆమెను మొదట కొరాపుట్ వైపు దసమంతపూర్‌లో వేశారు. ఆడమనిషి భూమి కొలిచే గొలుసు పట్టిందని నవ్వినవాళ్లే, ఏడాది తిరిగేసరికి అమీనమ్మా అని పిలిచి నీళ్లిచ్చారు.

ఆమెను కుదురుగా కూర్చోనివ్వని సంగతి అక్కడే జరిగింది. ఒక కొండపల్లెలో అన్నదమ్ములిద్దరు గట్టు తగువులో పడి, కొలవమని అర్జీ పెట్టుకున్నారు. ఊళ్లేమో బోలెడు, అమీన్లు తక్కువ. వాళ్ల వంతు వచ్చి దొర్కా వెళ్లేసరికి వానాకాలం దాటిపోయింది. గట్టు మీద అన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు. తమ్ముడి గొడ్డలి దెబ్బకి అతని చెయ్యి పోయింది. తమ్ముడు జైల్లో ఉన్నాడు. కొలిచి చూస్తే గట్టు ఉండవలసిన చోటే ఉంది.

"ఎండల్లో వచ్చి ఉంటే బాగుండేది తల్లీ" అన్నాడు అతను, ఆ కొండల వాళ్లు మాట్లాడే దేశియా భాషలో.

అతను తిట్టినా ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు. ఈ పనికి మనుషులు కావాలి, వాళ్లు బళ్లలోంచే రావాలి అని ఆ రోజే మనసులో గట్టిగా అనుకుంది. రాయగడ జిల్లాకు బదిలీ అయ్యాక, సెలవు పెట్టుకుని మరీ హైస్కూళ్లకు వెళ్లడం మొదలుపెట్టింది.

మొదట కల్యాణసింగ్‌పూర్ వెళ్లింది. పిల్లలు బుద్ధిగా విన్నారు. ఏమవుతారని అడిగితే పోలీసు, నర్సు, టీచరు అన్నారు. సర్వే పనికి ఎవరొస్తారంటే ఒక్క చెయ్యీ లేవలేదు. "ఎండలో తిరగాలా మేడమ్?" అని వెనక బెంచీలోంచి ఒకడు అడిగాడు, క్లాసంతా నవ్వింది.

"నీ పని నువ్వు చేసుకోక ఈ తిరుగుళ్లేటే?" అంది తల్లి.

"నా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదమ్మా. అందుకే తిరుగుతున్నాను" అంది దొర్కా.

రెండోసారి గుణుపూర్ అవతల ఒక పల్లెకు వెళ్లింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన రైతుల పిల్లలు ఆ బడిలో ఎక్కువ. ఈసారి ఉపన్యాసం లేదు. ముక్కాలి స్టాండూ, దాని మీద బిగించే కొలత మిషనూ భుజాన వేసుకుని దిగింది. హెడ్మాస్టరు మహేశ్వరరావు గారిని అడిగి, ఆ ఊరి భూముల హద్దులు గీసిన పటం, నక్షా, తెరిచింది. ఏం కొలుద్దామంటే పిల్లలంతా ఒక్క మాటే అన్నారు, బడి గోడ. పక్క మడి రైతు ఎర్రయ్య, ఆ గోడ తన భూమి తినేసిందని ఏళ్ల తరబడి గొణుగుతున్నాడు. అతని నోరు మూయించాలని పిల్లల ఉబలాటం.

హెడ్మాస్టరు ఆమెను పక్కకు పిలిచాడు. "కొలిస్తే బడికే ఎదురు తిరిగిందనుకోండి?"

"తిరిగితే తిరిగిందనే చెప్తారు సార్. అది నేర్పకుండా మిషను తిప్పడం నేర్పి ఏం లాభం?"

ఆయన కానివ్వండి అన్నాడు.

పదో తరగతి శ్రీదుర్గ మిషను దగ్గర నిలబడింది. అదే తరగతి పృథ్వి అనే కుర్రాడు అద్దం బిగించిన కర్ర పట్టుకుని హద్దురాళ్ల దగ్గరకు పరుగెత్తాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి శ్రీదుర్గ ముఖం చిన్నబోయింది.

"తప్పు సూసినాననుకుంటాను మేడమ్. మల్లీ సూత్తాను" అంది.

మళ్లీ చూసినా అంతే వచ్చింది. ఈలోగా హెడ్మాస్టరు వచ్చాడు, గట్టు మీదికి ఎర్రయ్యా చేరాడు. పిల్ల దొర్కా వంక చూసింది.

"కొలిచింది నువ్వు. నువ్వే చెప్పు" అంది దొర్కా.

శ్రీదుర్గ హెడ్మాస్టరు వైపు తిరిగింది. "తూర్పు గోడ ఎర్రయ్య తాత మడిలో ఉంది సార్."

ఎర్రయ్య ఉన్నచోటే గట్టు మీద చతికిలబడ్డాడు. "ఇన్నేళ్లూ నాను సెప్తే ఎవులూ ఇన్లేదు" అన్నాడు.

పృథ్వికి మాత్రం ఒళ్లు మండిపోయింది. "మన బడినే ఓడగొట్టీసినావు కదే" అన్నాడు.

"లేనిది సెప్పమంటావేటి? కర్ర పట్టుకున్నది నువ్వే కదా" అంది శ్రీదుర్గ.

పిల్లల కొలత ఆఫీసులో చెల్లదు. దొర్కా ఎర్రయ్య చేత అర్జీ పెట్టించింది. పై అధికారి వచ్చి ఎదురుగా నిలబడి కొలిపించాడు. తేడా రాలేదు. మన పిల్లలు చెప్పినదాన్ని మనమే కాదంటే ఎలాగని హెడ్మాస్టరు బడి కమిటీని ఒప్పించాడు. వేసవి సెలవుల్లో గోడ వెనక్కి జరిగింది.

పదో తరగతి ఫలితాలు వచ్చాక శ్రీదుర్గ సర్వే కోర్సు అడిగింది. తండ్రి అప్పలరాజు వద్దన్నాడు. దొర్కా వాళ్లింటికి వెళ్లింది.

"తగువులాడుకుంటున్నోల్ల మద్దిన ఆడపిల్ల నిలబడాల. ఎవుడైనా సెయ్యెత్తితేనో?" అన్నాడు అప్పలరాజు.

"ఒకసారి ఎత్తారు బావుగారూ, అబద్ధమెందుకు. పక్కకు తప్పుకుని, వాళ్లు చల్లబడ్డాక మళ్లీ కొలిచాను. ఇప్పుడు ఒంటరిగా పోము, మనిషిని తోడు తీసుకెళ్తాం."

భయం లేదని ఆమె అని ఉంటే అప్పలరాజు నమ్మేవాడు కాదు. కూతురి వైపు తిరిగి, "ఎల్తావేటమ్మీ?" అన్నాడు.

"ఎల్తాను నాన్నా."

ఆ ఏడు ఆ బడి నుంచి శ్రీదుర్గతో పాటు పృథ్వి కూడా సర్వే కోర్సులో చేరాడు. దొర్కా తిరుగుళ్లు ఆగలేదు. కొరాపుట్ వైపు కుందుర నుంచి కూడా ఎవరో మాస్టారు రమ్మన్నారు. ఆ ప్రయాణంలో ఉండగా శ్రీదుర్గ ఫోన్ చేసింది.

"ఇయ్యాల మొదటిపాలి కొండ మీదికి తీసుకెల్లేరు మేడమ్. కాల్లు బొబ్బలెక్కిపోనాయి."

"మానేస్తావా?"

"మానేత్తానని ఎవులన్నారు? మీరు ఎలాటి సెప్పులు తొడుగుతారో సెప్పండి, కొనుక్కుంటాను."